సౌండు బాక్సు గురించి, ఆ పిల్లవాడి గురించి

 

నెల రోజులుగా ఆదివారం ఆరాధనలో ఒకటే సౌండు బాక్సు పెడుతున్నాం, అదీ సగానికి తగ్గించి. డోలును వెనక తలుపు దగ్గరికి జరిపాం. ఇది కొందరికి నచ్చలేదు. "పక్కూరి సంఘానికి నాలుగు బాక్సులున్నయి, మనది మూగవోయింది" అని ఒక అన్న మా మొహం మీదే అన్నాడు. మొహం మీద అన్నందుకు ఆయన మీద మాకు గౌరవమే. ఇంకొందరు ఫోన్లలో అనుకున్నారు. అందులో ఒక మాట తిరిగి తిరిగి మాదాకా వచ్చింది: "ఒక్క పిల్లగాని కోసం అందరం గొంతు తగ్గించుకోవాల్నా? ఆమెనే వాణ్ణి ఇంట్ల ఉంచి రావచ్చు గదా."

ఆ మాటకు జవాబు రాయాలి గనక ఈ వారం ధ్యానం స్థానంలో ఇది రాస్తున్నాం. కొంచెం పొడుగైతది, ఓపిక పట్టండి.

పిల్లవాడి పేరు ఇక్కడ రాయం. ఆరేళ్ళవాడు, మీరంతా ఎరిగినవాడే. రాయొచ్చా అని వాళ్ళ అమ్మను ముందే అడిగాం. "పేరు పెట్టకుంట రాయండి అయ్యగారూ, పది మందికి తెలిస్తెనే మంచిది" అంది. వాడిని పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూడడు. వీధి చివర ట్రాక్టరు స్టార్టయితే మాత్రం, అది వాళ్ళ పెదనాన్న ట్రాక్టరు అయితేనే, చేతిలో ఉన్నది కింద పడేసి ఉరుకుతాడు. వేరే వాళ్ళ ట్రాక్టరయితే తల కూడా ఎత్తడు. మందిరం బయట మన చెప్పులు ఈ మధ్య చిన్నవి మొదలు పెద్దవి దాకా వరుసగా ఉంటున్నాయి, గమనించారా? వాలంటీర్లు పెడుతున్నారని మీరు అనుకుంటున్నారు. అది వాడి పని. ఎవరూ చెప్పలేదు, చెప్పినా వినేవాడు కాదు.

వాడికి ఉన్నదాన్ని ఆటిజం అంటారు. దీనికి మన భాషలో పాత మాట లేదు. ఉన్న మాటలన్నీ తిట్లే: పిచ్చోడు, మెంటలోడు, తిక్కలోడు. కొంచెం దయగలవాళ్ళు "అమాయకుడు" అంటారు, వాడు అమాయకుడు కూడా కాదు. బిస్కెట్ పొట్లం ఏ డబ్బాలో దాచారో వాడికి తెలిసినట్టు ఆ ఇంట్లో ఇంకెవరికీ తెలియదు. ఆటిజం అంటుకునే జబ్బు కాదు, జ్వరంలాగా వచ్చి పోయేదీ కాదు. తల్లి కడుపులో ఉన్నప్పటినుంచే మెదడు వేరే తీరుగా పెరుగుతుంది. మాట, చూపు, నలుగురిలో కలవడం, వినడం, తాకడం అన్నిట్లో ఆ తేడా కనబడుతుంది. ఒకరిలో కొంచెం, ఒకరిలో చాలా. మనకు డోలు శబ్దం హుషారు పుట్టిస్తుంది. వాడికి అది చెవిలో మేకు దిగినట్టుంటుంది. మొదటి పాటకే చెవులు మూసుకొని, మూడో పాటకు నేలకు తల కొట్టుకున్నది మీరు చూశారు. మొండితనం అనుకున్నారు కొందరు. అది నొప్పి.

ఇది అరుదైన సంగతేమీ కాదు. 2018లో ప్రచురించిన ఒక సర్వేలో, హైదరాబాదుతో కలిపి దేశంలో ఐదు చోట్ల, రెండేళ్ళ నుంచి తొమ్మిదేళ్ళ దాకా వయసున్న పిల్లలను సుమారు నాలుగు వేల మందిని పరీక్షించారు. నూటికి ఒకరిలో ఆటిజం కనబడింది. మన మండలంలో ఎన్ని అంగన్‌వాడీలున్నాయో, ఎన్ని బడులున్నాయో మీరే లెక్కపెట్టుకోండి. ఆ పిల్లలంతా ఎక్కడున్నారు? కొందరు తలుపుల వెనక ఉన్నారు. పత్తి చేనుకు పోయేటప్పుడు కాలికి చీరె పేలికతో మంచానికి కట్టేసి పోయిన ఇల్లు మేము చూశాం. ఆ తల్లి రాక్షసి కాదు. కూలికి పోకపోతే పొయ్యి వెలగదు, విడిచిపెడితే పిల్ల వాగు వైపు పోతుంది, పట్టుకొని కూర్చునే మనిషి లేరు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాం. పిల్లవాడికి మాటలు రావడం లేదని తెలిసిన రోజునుంచి ఆ తల్లికి ఏమేమి చెప్పారో ఒకసారి మా ముందు కూర్చొని ఏకరువు పెట్టింది. గ్రహణం రోజు బయట తిరిగినవు. మేనరికం చేసుకున్నవు. కడుపుతోటి ఉండి మందు కొట్టిన చేన్ల పనికి పోయినవు. ఫోన్ చేతికిచ్చి చెడగొట్టినవు. టీకా ఏయించినవు, అందుకే మాట పోయింది. అత్తను ఏడిపించినవు, ఆ ఉసురు తగిలింది. ఇవన్నీ చెప్పింది పరాయివాళ్ళు కాదు. సగం మన మందిరంలోవాళ్ళే, మిగతా సగం ఆమె ఫోన్లోని తల్లుల గ్రూపులోవాళ్ళు. "తండ్రిని ఒక్కరు కూడ ఏమనలేదు" అని నవ్వింది కూడా.

ఒక్కొక్కటి విడమరిచి చూద్దాం. గ్రహణానికీ దీనికీ సంబంధం లేదు. మేనరికం వల్ల కొన్ని పుట్టుక జబ్బులు పెరుగుతాయన్నది నిజమే, ఆ మాట పెళ్ళిళ్ళ దగ్గర మేము చెబుతూనే ఉంటాం. కానీ ఈ పిల్లవాడి ఆటిజం దానివల్లనే వచ్చిందని ఎవరూ తేల్చి చెప్పలేరు. మేనరికం లేని ఇళ్ళలోనూ, డాక్టర్ల ఇళ్ళలోనూ, అమెరికాలోని మన తెలుగువాళ్ళ ఇళ్ళలోనూ ఈ పిల్లలున్నారు. ఫోన్ మాట కొంచెం చిక్కైనది. రోజంతా ఫోన్ చూసే పసిపిల్లకు మాట ఆలస్యమయ్యే ప్రమాదముంది, ఫోన్ తీసేసి నలుగురూ మాట్లాడితే కొందరు కోలుకుంటారు. అది చూసి ఆటిజం ఫోన్ వల్ల వచ్చిందంటారు. కానీ ఫోన్లు పుట్టకముందే ఆటిజం ఉంది.

టీకా సంగతి ఇంకా కోపం తెప్పించేది. 1998లో ఇంగ్లండులో ఆండ్రూ వేక్‌ఫీల్డ్ అనే డాక్టరు పన్నెండు మంది పిల్లల గురించి ఒక పత్రం రాసి, తట్టు టీకా మీద అనుమానం పుట్టించాడు. తరువాత లక్షల మంది పిల్లల లెక్కలు చూస్తే ఆ సంబంధం ఎక్కడా దొరకలేదు. 2010లో ఆ పత్రికే ఆ పత్రాన్ని వెనక్కి తీసుకుంది, ఆయన డాక్టరు పట్టా కూడా పోయింది. అక్కడ చచ్చిన అబద్ధం ఇక్కడ ఫార్వర్డు మెసేజిగా ఇంకా బతికే ఉంది. మన ఆశా అక్క టీకాల రోజు ఇల్లిల్లూ తిరిగి బతిమాలుకోవాల్సి వస్తున్నది.

తల్లిని దోషిగా నిలబెట్టడం మన పల్లెటూరి మూఢత్వం ఒక్కటే అనుకోకండి. 1943లో అమెరికాలో లియో కానర్ అనే డాక్టరు పదకొండు మంది పిల్లలను చూసి ఆటిజం గురించి వివరంగా రాశాడు. ఆ తల్లిదండ్రులలో వెచ్చదనం తక్కువని కూడా రాశాడు. ఆ మాటను పట్టుకొని, చికాగోలోని బ్రూనో బెటల్‌హైమ్ అనే ఆయన 1967లో ఏకంగా ఒక పుస్తకమే రాసి, తల్లి ప్రేమ చాలక పిల్లలు ఇలా అవుతారన్నాడు. ఫ్రిజ్‌లాంటి తల్లులు అని పేరు కూడా పడింది. ఎందరో తల్లులు పిల్లలను దూరం చేసుకొని, తామే తప్పు చేశామని ఏళ్ళకేళ్ళు ఏడ్చారు. ఆ మాటకు శాస్త్రంతో ఎదురు నిలిచినవాళ్ళలో ముందున్నది బెర్నార్డ్ రిమ్లాండ్. ఆయన అమెరికా నౌకాదళంలో మనస్తత్వ శాస్త్రవేత్త, ఆటిజమున్న కొడుకుకు తండ్రి. ఇది పుట్టుకతో వచ్చే మెదడు తేడా, పెంపకం లోపం కాదని 1964లోనే పుస్తకం రాశాడు. మన వీధి అరుగు మీద అన్న మాటనే పెద్ద చదువులవాళ్ళు పెద్ద ఇంగ్లీషులో అన్నారు, అంతే తేడా.

యేసు ప్రభువు దగ్గర కూడా ఈ ప్రశ్న వచ్చింది. పుట్టు గుడ్డివాణ్ణి చూసి శిష్యులు మొదట అడిగింది తప్పు ఎవరిదని. ఆయన ఇటూ కాదు, అటూ కాదన్నాడు. యోహాను తొమ్మిదో అధ్యాయం తీసి ఇంట్లో చదువుకోండి. శిష్యులు ఆ మనిషి ఎదుటే, వాడు వింటుండగానే, వాడి గురించి చర్చ పెట్టారన్నది మాకు ఎప్పుడూ గుచ్చుకుంటుంది. గుడ్డివాడికి చెవులు పనిచేస్తాయి కదా. మాట రాని మన పిల్లవాడికీ పనిచేస్తాయి.

రెండేళ్ళ కింద ఒక ఉజ్జీవ కూటంలో జరిగింది కూడా చెప్పాలి. వచ్చిన బోధకుడి పేరు రాయం. వాణ్ణి వేదిక మీదికి తెమ్మని, నాలుగు బాక్సుల ముందు నిలబెట్టి, తల గట్టిగా పట్టుకొని మైకులో దయ్యాన్ని వెళ్ళగొట్టాడు. పిల్లవాడు భయంతో ఆయన చేయి కొరికాడు. "చూసిండ్రా, లోపలిది బయటపడ్డది" అన్నారు జనం. ఆ శబ్దంలో, ఆ లైట్లలో, పరాయి చేయి తల మీద పడితే ఏ నాలుగేళ్ళ పిల్లవాడైనా కొరుకుతాడు. ఆ తరువాత ఆరు నెలలు వాడు ఏ మందిరంలోనూ అడుగు పెట్టలేదు, గడప దగ్గరే కూలబడేవాడు.

ప్రార్థన వద్దని మేము అనడం లేదు. ప్రతిరోజూ వాడి కోసం చేస్తున్నాం. కానీ మార్కు ఏడో అధ్యాయంలో ఆ చెవిటివాణ్ణి చూడండి. ప్రభువు వాణ్ణి జనం మధ్య నిలబెట్టలేదు. పక్కకు తీసుకుపోయాడు. జనానికి దూరంగా, ఒంటరిగా, మొదట చేతితో తాకి సైగలతో తెలిపాడు, మాట తరువాత వచ్చింది. వినలేనివాడితో ఎలా మాట్లాడాలో ఆయన ఆలోచించి చేశాడు. ఎన్నో ఏళ్ళుగా ఈ భాగం మీద ప్రసంగాలు విన్నాం గానీ పక్కకు తీసుకుపోవడం మీద ఎవరూ ఆగినట్టు గుర్తు లేదు. మన డోలు వెనక తలుపు దగ్గరికి పోయింది ఇందుకే.

ఇక డబ్బు సంగతి. పోయిన ఏడాది ఒక పట్నం ఆస్పత్రివాళ్ళు ఈ పిల్లవాడి తండ్రికి స్టెమ్ సెల్ ఇంజక్షన్లు చెప్పారు. లక్షల్లో ఖర్చు, ఆర్నెల్లలో మాటలొస్తాయన్నారట. ఫోన్లో వీడియోలు కూడా పంపారు: ఇంజక్షన్ ముందు పిల్ల, తరువాత పిల్ల. ఆరు నెలల్లో ఏ పిల్లయినా కొంత ఎదుగుతుందని ఆ వీడియోలో ఎవరూ చెప్పరు. ఆటిజానికి స్టెమ్ సెల్ చికిత్సను సిఫారసు చేయలేమని జాతీయ వైద్య కమిషన్ 2022 డిసెంబరులోనే తేల్చింది. ఇంకొకరు ఒంట్లోంచి లోహాలు తీసేస్తామని సెలైన్లు పెడతారు. అమెరికాలో 2005లో అలాంటి చికిత్సలోనే ఆటిజమున్న ఐదేళ్ళ బాబు ప్రాణం పోయింది. ఒంటె పాలు, గోధుమ మానెయ్యడం, తాయెత్తు, అన్నీ ఆ తల్లి ఫోన్లో ఉన్నాయి. పంపేవాళ్ళంతా మోసగాళ్ళు కాదు. చాలామంది ఆమెలాంటి తల్లులే, ఆశ పట్టుకొని వేలాడుతున్నవాళ్ళు.

ఆ ఇంటికున్నది ఎకరం పావు. అందులో అర ఎకరం బేరం నడుస్తోంది. ఇంకా రిజిస్ట్రేషన్ కాలేదు. తండ్రితో మేము మూడుసార్లు మాట్లాడాం. "మీరు వద్దంటున్నరు, మావోళ్ళేమో కొడుకు కంటె భూమి ఎక్కువనా అంటున్నరు" అన్నాడు. ఆ "మావోళ్ళు" ఈ సంఘంలో ఉన్నారు. దయచేసి ఆ మాట ఇంకోసారి అనకండి. కొడుకు మీద ప్రేమ ఉన్నవాడు గనకనే ఆ భూమి ఉండాలి. వాడు అరవై ఏళ్ళు బతుకుతాడు, ఇంజక్షన్ ఆరు నెలల మాట.

మరి ఇంకో రకం మాటలున్నాయి, తియ్యగా ఉండేవి. "దేవుడు ప్రత్యేకమైన బిడ్డను ప్రత్యేకమైన తల్లికే ఇస్తాడు" అని స్టేటస్‌లు పెడతాం. ఆ మాట ఆమెతో ఒక సహోదరి అన్నప్పుడు మేము పక్కనే ఉన్నాం. "అయితె ఇంకొకామెను ఎన్నుకొమ్మనుండ్రి, నేను నిద్రపోయి మూడేండ్లయింది" అంది. ఆ సహోదరి నొచ్చుకుంది. మాకైతే కీర్తనల్లో దావీదు దేవుడితో వాదులాడిన తీరు గుర్తొచ్చింది. స్టేటస్ పెట్టే బదులు ఒక మధ్యాహ్నం వాడి దగ్గర కూర్చుంటే ఆమె రెండు గంటలు పడుకుంటుంది.

తల్లుల మధ్య కూడా పోట్లాటలున్నాయి. ఆమె ఉండే గ్రూపులోనే హనుమకొండ తల్లి ఒకామె ఉంది. ఆమె కొడుకు మాట్లాడతాడు, లెక్కల్లో క్లాసు ఫస్టు. వాణ్ణి రోగి అనకండి, వైకల్యం అనకండి, మెదళ్ళు రకరకాలు, లోకమే సర్దుకోవాలంటుంది. ఈ ఆలోచనను న్యూరోడైవర్సిటీ అంటారు, 1990ల్లో ఆటిజమున్న పెద్దవాళ్ళే ముందుండి నడిపించారు. 1993లో జిమ్ సింక్లెయిర్ అనే ఆటిజమున్న మనిషి తల్లిదండ్రుల ముందు నిలబడి చెప్పాడు: మీరు అనుకున్న బిడ్డ రాలేదని మీకు దుఃఖం ఉంటే అది మీది, దాన్ని మా మీద మోపకండి, మేము చచ్చిపోలేదు, ఇక్కడే ఉన్నాం అన్న భావంతో. చాలా పెద్ద మాట అది. మన తల్లి మాత్రం అదే గ్రూపులో, "నా కొడుకు రాత్రి రెండింటికి లేచి గోడకు తల కొట్టుకుంటడు, ఇది రకమా రోగమా నువ్వే చెప్పు" అని వాయిస్ మెసేజి పెట్టింది. నీ మాటలు పిల్లలను కించపరుస్తున్నాయని నలుగురు ఆమె మీద పడ్డారు. ఆమె గ్రూపు నుంచి బయటికొచ్చింది.

మేము ఎవరి పక్షం అని అడుగుతారేమో. చెప్పుల వరుస చెదరగొట్టి వాణ్ణి అందరిలాంటివాణ్ణి చేయాలని మేము అనుకోం, అందులో హనుమకొండ తల్లి మాటే మా మాట. కానీ అలసిపోయిన మనిషిని మాటల తప్పులు పట్టి వెళ్ళగొట్టడం ఏ పేరుతో చేసినా క్రూరమే. తల కొట్టుకునే పిల్లవాడికి సాయం కావాలి, నిద్ర కావాలి, దప్పికైతే చెప్పే దారి కావాలి. ఆ దారి కొంత దొరికింది కూడా. ఇప్పుడామె పాత పెళ్ళి కార్డుల వెనక బొమ్మలు గీసి తాడుకు గుచ్చింది: నీళ్ళ గ్లాసు, అన్నం పళ్ళెం, బాత్రూం, ట్రాక్టరు. పోయిన నెలలో మొదటిసారి వాడు నీళ్ళ గ్లాసు కార్డు తెచ్చి ఆమె చేతిలో పెట్టాడు. ఆమె మాకు ఫోన్ చేసి ఏమీ మాట్లాడలేదు, ఏడ్చింది. మాటలు రాకపోయినా వాడు అడగడం నేర్చాడు.

ఈ కార్డుల సంగతి ఆమెకు సికింద్రాబాద్ బోయిన్‌పల్లిలోని కేంద్ర సంస్థలో చెప్పారు. 1984లో పెట్టిన ఆ సంస్థను ఇప్పుడు నీపిడ్ అంటున్నారు. మన దేశపు పిల్లల కోసం ఆటిజాన్ని కొలిచే నలభై అంశాల పట్టిక అక్కడే తయారైంది, సర్టిఫికెట్టు ఇచ్చేది దానితోనే. అంతదూరం పోకముందు దగ్గరి దారి కూడా ఉంది. ఏడాది నిండిన బిడ్డ పేరు పెట్టి పిలిచినా చూడకపోతే, ఏడాదిన్నరకు వేలు చూపి అడగకపోతే, వచ్చిన మాటలు పోతే, "మేనమామకూ లేటే" అని ఆగకండి. అంగన్‌వాడీకి ఏడాదికి రెండుసార్లు వచ్చే ఆర్‌బీఎస్‌కే డాక్టర్లకు చూపండి, వాళ్ళు పై కేంద్రానికి రాసిస్తారు.

1995 నాటి వికలాంగుల చట్టంలో ఏడు రకాలే ఉండేవి, ఆటిజం లేదు. 2016 చట్టంలో ఇరవై ఒకటి చేశారు, ఆటిజం చేరింది. మన టేకుమట్ల మండలమైన ఏడాదే అది. నలభై శాతం దాటితే పింఛను 4,016 రూపాయలు. నేషనల్ ట్రస్టు వారి నిరామయ బీమా ఏడాదికి లక్ష రూపాయల దాకా, థెరపీ ఖర్చు కూడా అందులో వస్తుంది. భూమి అమ్మే ముందు ఇవన్నీ అడగాలి కదా. మన సంఘంలో మీసేవ పని తెలిసిన తమ్ముళ్ళు ముగ్గురున్నారు, వాళ్ళను ఆ ఇంటికి పంపుతున్నాం.

చివరగా ఒక ముసలమ్మ సంగతి. పక్క ఊళ్ళో ఆమెకు పందొమ్మిదేళ్ళ మనుమడున్నాడు. వాడి చిన్నతనంలో ఇన్ని పేర్లు లేవు, కాగితం మీద మానసిక వైకల్యమని రాసి పంపారు. తల్లిదండ్రులు లేరు. "నేను పోతె వీనికి బువ్వ ఎవరు కలిపిస్తరు" అన్నది ఆమె ఒకటే ప్రశ్న. దీనికి పూర్తి జవాబు మా దగ్గర లేదు. 1999 నాటి నేషనల్ ట్రస్టు చట్టం కింద కలెక్టరు అధ్యక్షతన జిల్లా కమిటీ ఉంటుంది, పద్దెనిమిదేళ్ళు దాటిన ఇలాంటివారికి చట్టబద్ధమైన సంరక్షకుణ్ణి నియమిస్తుంది. ముసలమ్మ చెల్లెలి కొడుకు ఒప్పుకున్నాడు. వచ్చే బుధవారం భూపాలపల్లి కలెక్టరేటుకు పోతున్నాం. ఆటో సెంటర్లో పొద్దున ఎనిమిదింటికి బయలుదేరుతుంది, ఇంకా ఇద్దరికి చోటుంది. మీ ఇంట్లోనో మీ పక్కింట్లోనో ఇలాంటి బిడ్డ ఉంటే ఆధార్, పాత సర్టిఫికెట్టు జిరాక్సులు రెండేసి తెచ్చుకొని రండి.